సరిహద్దు దాటడానికి ఏ దారి సులువు? పాలమూరు, నల్లగొండ వాహనదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నుంచి సొంత బండిలో ఆంధ్రాకో కర్ణాటకకో వెళ్లేవాళ్ల కోసం ఇది రాశాం. పెళ్లికి వెళ్లినా, తిరుపతి మొక్కుకు వెళ్లినా, పిల్లను కాలేజీలో దించడానికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: ఎటు నుంచి దాటితే తలనొప్పి ఉండదు?

దారి ఎంచుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

వంతెన దగ్గర. మనకు దక్షిణాన సరిహద్దు అంటే చాలావరకు నీళ్లే. కొంత దూరం కృష్ణ, కొంత దూరం తుంగభద్ర, కోదాడ అవతల పాలేరు. ఊరి నుంచి ఊరికి రోడ్లు ఎన్నయినా ఉంటాయి గానీ నది దాటే చోట్లు కొన్నే. కర్నూలు ముందు తుంగభద్ర వంతెన, రాయచూరు వైపు శక్తినగర్ వంతెన, శ్రీశైలం, నాగార్జునసాగర్, వాడపల్లి, మట్టపల్లి, కోదాడ అవతల గరికపాడు. కారు వెళ్లే ముఖ్యమైన దారులు దాదాపు ఇవే. వీటిలో మీకు పనికొచ్చేది ఏదో ముందు తేల్చుకుంటే, ఇంటి నుంచి అక్కడిదాకా ఏ రోడ్డన్నది పెద్ద సమస్య కాదు.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఫోన్‌లో గమ్యం కొట్టేసి, నీలం గీత ఎటు చూపిస్తే అటు పోతారు. ఆ గీతకు నిమిషాలు తెలుసు గానీ, బండిలో అమ్మమ్మ ఉందని, నడిపేవాడికి లైసెన్సు వచ్చి ఏడాది కాలేదని తెలియదు.

కిలోమీటర్లు తక్కువున్న దారి సులువు కాదా?

కొన్నిసార్లే. నాలుగు వరుసల రోడ్డు మీద 130 కిలోమీటర్లు నడిపినదానికన్నా, ఎదురుగా లారీలొచ్చే రెండు వరుసల రోడ్డు మీద వంద నడిపితేనే ఎక్కువ అలుపు. మధ్యలో డివైడర్ ఉందా, ఊళ్ల మీదుగా పోతుందా బైపాస్ ఉందా, చీకటి పడ్డాక గేటు వేస్తారా, వానొస్తే వాగు పొంగుతుందా. ఈ నాలుగూ చూసుకున్నాకే కిలోమీటర్లు లెక్కపెట్టండి.

మహబూబ్‌నగర్ నుంచి కర్నూలు వైపు వెళ్లాలి. ఏది మంచిది?

ఆలోచించే పనే లేదు, 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లు ఇంకా సెవెన్ అంటారు, అదే ఇది. ఈ పేజీలోని దారులన్నింటిలో కొత్తగా నడుపుతున్నవాళ్లకు ధైర్యంగా చెప్పగలిగింది ఇదే. మహబూబ్‌నగర్ టౌన్ నుంచి బయల్దేరేవాళ్లు వెనక్కి జడ్చర్లకు పోనక్కర్లేదు, భూత్పూర్ దగ్గర హైవే ఎక్కితే చాలు. అక్కడి నుంచి కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా, పుల్లూరు టోల్‌గేట్. ఆ తర్వాత తుంగభద్ర వంతెన. దిగితే కర్నూలే.

నాగర్‌కర్నూల్ వాళ్లు బిజినేపల్లి, వనపర్తి మీదుగా వచ్చి పెబ్బేరులోనో కొత్తకోటలోనో హైవే అందుకోవచ్చు. వనపర్తి టౌన్‌లో సాయంత్రం రద్దీ ఉంటుంది, కాస్త ఓపిక పట్టాలి.

ఈ దారిలో జాగ్రత్త పడాల్సింది బండ్ల వేగం గురించి కాదు, అడ్డొచ్చే వాటి గురించి. పక్క ఊరికి యూటర్న్ దూరమని డివైడర్ పక్కనే రాంగ్‌రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు, బైకులు. కుడి వరుసలో మీరు వందలో పోతుంటే ఎదురుగా ఒక బైకు, దాని మీద ముగ్గురు, పైగా మీకే లైట్లు కొడతారు! అందుకే ఊరి దగ్గరికి వచ్చినప్పుడల్లా కుడి వరుస వదిలేయండి.

బీచుపల్లి దాటితే ఆంధ్రా వచ్చేసినట్టేనా?

కాదు. బీచుపల్లి దగ్గర దాటేది కృష్ణ. అటు ఒడ్డున కూడా మన జోగులాంబ గద్వాల జిల్లానే. రెండు నదుల మధ్య ఉన్న ఆ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. సరిహద్దు ఇంకా ముందుంది, తుంగభద్ర దగ్గర. అలంపూర్ జోగులాంబ అమ్మవారి గుడికి వెళ్లేవాళ్లు కూడా రాష్ట్రం దాటక్కర్లేదు. అలంపూర్ చౌరస్తాలో హైవే దిగితే సరి.

రాయచూరుకు మక్తల్ మీదుగా వెళ్లాలా, గద్వాల మీదుగానా?

మామూలు రోజుల్లో మక్తల్ దారే దగ్గర. మహబూబ్‌నగర్, దేవరకద్ర, మరికల్, మక్తల్, కృష్ణా స్టేషన్, నది దాటితే శక్తినగర్, అక్కడి నుంచి రాయచూరు. ఇది 167వ నంబరు జాతీయ రహదారి. నంబరు జాతీయమే గానీ 44తో పోల్చుకోకండి. చాలాచోట్ల ఎదురెదురు బండ్ల రోడ్డే.

చిక్కంతా నది దగ్గర. శక్తినగర్ వైపు వెళ్లే పాత వంతెన నిజాం కాలం నాటిది, ఇరుకు. అవతలి ఒడ్డునే రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని బూడిద ట్యాంకర్లు. రెండు పెద్ద బండ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సిందే. ఆ వంతెన మరమ్మతులకు మూసిన రోజులూ ఉన్నాయి. కాబట్టి బయల్దేరే ముందు మక్తల్‌లోనో కృష్ణా స్టేషన్ దగ్గరో తెలిసినవాళ్లకు ఒక ఫోన్ కొట్టండి. ఎవరూ తెలియకపోతే మక్తల్ బస్టాండ్ దగ్గర టీకి ఆగి, రాయచూరు నుంచి వచ్చిన ఆర్టీసీ డ్రైవర్‌ను అడగండి. బ్రిడ్జి మీద బస్సు పోతుందా, చుట్టు తిరిగి వచ్చారా అన్న ఒక్క మాట చాలు.

రెండో దారి గురించి పాలమూరులోనే చాలామందికి తట్టదు. రాయచూరు ఉన్నది కృష్ణకు, తుంగభద్రకు మధ్యలో. గద్వాల ఉన్నదీ అక్కడే. అంటే గద్వాల నుంచి రాయచూరుకు వెళ్తే సరిహద్దులో నదే ఉండదు, నేల మీదే దాటేస్తారు. 44 మీద బీచుపల్లి దగ్గర పెద్ద వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడివైపు తిరిగి గద్వాల, అక్కడి నుంచి కేటీ దొడ్డి, నందిన్నె మీదుగా రాయచూరు. చుట్టే, కాదనను. కానీ వంతెన మూసినప్పుడు ఇదే దిక్కు. భారీ వానల్లో, లేదా పెద్ద బండి ఉన్నప్పుడు నేనైతే ముందే ఇటే వెళ్తాను. గద్వాల దాటాక మాత్రం మధ్యమధ్యలో గతుకులుంటాయి, ఆశలు పెంచుకోవద్దు.

మంత్రాలయం వెళ్లేవాళ్లకూ ఇదే లెక్క. రాయచూరు చేరితే అదే 167 మంత్రాలయం దాకా తీసుకెళ్తుంది.

ఇంకొకటి. మాఘ పౌర్ణమి రోజుల్లో మన్యంకొండ జాతర ఉంటుంది. అది సరిగ్గా ఈ రాయచూరు రోడ్డు పక్కనే. ఆ నాలుగైదు రోజులు మహబూబ్‌నగర్, దేవరకద్ర మధ్య బండి నత్తనడకే.

నారాయణపేట నుంచి యాద్గిర్ వైపు?

అక్కడ నది బాధ లేదు, మామూలు రెండు వరుసల రోడ్డే. పగలు వెళ్తే ఇబ్బందేమీ ఉండదు.

నల్లగొండ నుంచి గుంటూరు, ఒంగోలు, చెన్నై వైపు ఎలా వెళ్లాలి?

వాడపల్లి మీదుగా. నార్కట్‌పల్లి, నల్లగొండ, తిప్పర్తి, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పొందుగుల, తర్వాత దాచేపల్లి, పిడుగురాళ్ల. దీన్నే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు అంటారు, మొత్తం 212 కిలోమీటర్లు. నాలుగు వరుసలు, మధ్యలో డివైడర్. గుంటూరుకు పోయేవాళ్లు పిడుగురాళ్ల దగ్గర ఎడమకు తిరగాలి. ఒంగోలు, నెల్లూరు, చెన్నై పోయేవాళ్లు అద్దంకి దాటాక మేదరమెట్ల దగ్గర కోల్‌కతా–చెన్నై హైవే ఎక్కేయొచ్చు. విజయవాడ ట్రాఫిక్ మొహం చూడనక్కర్లేదు.

రోడ్డు బాగుంటుందిగానీ లారీలు ఎక్కువ. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. వాడపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చాక ఆ బండ్లూ తోడయ్యాయి. వడ్ల కోతల కాలంలో ఇంకో తంటా ఉంది. మద్దతు ధరకూ సన్నాల బోనస్‌కూ ఆశపడి పక్క రాష్ట్రాల వడ్లు ఇటు రాకుండా సరిహద్దులో ప్రత్యేకంగా చెక్‌పోస్టులు పెడతారు. కార్లను ఆపేదేమీ ఉండదు గానీ, ఆపిన లారీలు ఒక వరుసను మింగేస్తాయి. వాడపల్లి చేరేసరికి మధ్యాహ్నం కాకుండా, పొద్దున్నే తొమ్మిదిలోపు దాటేలా పెట్టుకుంటే హాయి.

నల్లగొండ నుంచి విజయవాడకు?

65వ నంబరు రహదారి. నల్లగొండ వాళ్లు వెనక్కి నార్కట్‌పల్లికి పోకుండా నకిరేకల్ దగ్గర ఎక్కొచ్చు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వాళ్లు నేరుగా కోదాడలో అందుకుంటారు. కోదాడ దాటాక రామాపురం అడ్డరోడ్డు మన చివరి చోటు. పాలేరు దాటగానే గరికపాడు, ఆ తర్వాత జగ్గయ్యపేట.

మామూలు రోజుల్లో ఇంతకన్నా తేలికైన దారి లేదు. సంక్రాంతికి ముందు మూడు నాలుగు రోజులు మాత్రం పూర్తిగా మరిచిపోండి. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేట్ ఏటా టీవీల్లో కనిపించేది అప్పుడే. నల్లగొండ, సూర్యాపేట వాళ్లు పంతంగికి ఇవతలే ఉన్నారు కాబట్టి ఆ క్యూ మీకు తగలదు. కానీ ఆ క్యూలోంచి బయటపడ్డ బండ్లన్నీ కొర్లపహాడ్ టోల్‌గేట్‌కు, కోదాడకు ఒకేసారి వచ్చి పడతాయి. పండక్కి ఊరెళ్లేవాళ్లు తెల్లవారుజామున నాలుగుకు లేవడం ఊరికే కాదు.

పాలేరు చిన్నదే కదా అనుకుంటాం. 2024 సెప్టెంబరు 1న అదే పొంగి గరికపాడు దగ్గర హైవేను తెంపేసింది. హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. అప్పుడు బండ్లను మళ్లించింది నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల దారికే. అలాంటి రోజు కోదాడ దాకా వచ్చి ఇరుక్కుంటే వెనక్కి సూర్యాపేటకు పోనక్కర్లేదు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు వచ్చి వాడపల్లి దాటొచ్చు.

మట్టపల్లి వంతెన సంగతేంటి?

హుజూర్‌నగర్ చుట్టుపక్కల వాళ్లకు దగ్గరి దారి. నరసింహస్వామి దర్శనం చేసుకుని అటే పల్నాడులోకి దిగొచ్చు. దూరం నుంచి వచ్చేవాళ్లు దీనికోసం హైవే వదిలి రావద్దు. చుట్టూ సిమెంటు లారీలు తిరిగే పల్లె రోడ్లు.

నాగార్జునసాగర్ మీదుగా మాచర్ల వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. డ్యామ్ మీద నుంచి కాదు, అది మామూలు జనానికి ఎప్పుడో మూసేశారు. డ్యామ్ కింద కొత్త వంతెన ఉంది, దాని మీద నుంచే. నల్లగొండ నుంచి హాలియా మీదుగా వచ్చేది 565వ నంబరు రహదారి. కల్వకుర్తి, దేవరకొండ వైపు వాళ్లు కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా సాగర్ చేరతారు.

మాచర్ల, ఎర్రగొండపాలెం, మార్కాపురం వెళ్లేవాళ్లకు ఇదే సరైన దారి. గేట్లు ఎత్తిన ఆదివారం మాత్రం వద్దు. ఆగస్టులో 26 గేట్లూ తెరిచారని వార్త వచ్చిందంటే హైదరాబాద్ సగం అక్కడే ఉంటుంది. వంతెన మీదే కార్లు ఆపి సెల్ఫీలు. చూడటానికే వెళ్తే వెళ్లండి, దాటడానికైతే వాడపల్లి పట్టుకోండి.

శ్రీశైలం దారి రాత్రి మూసేస్తారంటారు, నిజమేనా?

నిజం. 765వ నంబరు రహదారి మీద మన్ననూరు దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తారు. లోపలంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. తొమ్మిదీ ఐదుకు వచ్చి బతిమాలినా లాభం లేదు, పొద్దున్నదాకా అక్కడే పడిగాపులు. శ్రీశైలం దాటి దోర్నాల వైపు దిగే ఘాట్‌లోనూ రాత్రి నిషేధం ఉంది. కాబట్టి ఈ దారిన ఒంగోలుకో మార్కాపురానికో పోవాలనుకుంటే రెండు అడవులూ పగటిపూటే దాటేలా లెక్కేసుకోవాలి.

మన్ననూరు నుంచి శ్రీశైలం 70 కిలోమీటర్ల పైచిలుకు. వటవర్లపల్లి దాకా తిన్నగానే ఉంటుంది. దోమలపెంట, ఈగలపెంట దాటాక కృష్ణలోకి దిగే ఘాట్ మొదలవుతుంది. ఒక మలుపు తిరిగేలోపే రెండోది, పక్కన లోయ, ఎదురుగా హారన్ కొట్టకుండా వచ్చే బస్సు. కింద డ్యామ్ ముందు వంతెన దాటితే లింగాలగట్టు, మళ్లీ ఎక్కుడు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకండి, సెకండ్ గేర్‌లో దించండి. ఆటోమేటిక్ కారైతే గేరును లో మోడ్‌కు మార్చండి. బ్రేకులు కాలిన వాసన వచ్చే బండి ప్రతి ఆదివారం అక్కడ ఒకటైనా కనిపిస్తుంది.

అడవిలో చాలాదూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. పెట్రోలు ముందే నింపుకోండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు చెక్‌పోస్టులో తీసేయిస్తారు. కోతులకు అరటిపళ్లు విసిరితే జరిమానా సంగతి అటుంచి, అవి రోడ్డు మీదికి అలవాటు పడి బండ్ల కింద పడతాయి. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర రోజుల్లో ఈ దారి వదిలేయండి. వాంతులయ్యే పిల్లలుంటే మామూలు రోజుల్లోనూ ఆలోచించండి.

మ్యాప్‌లో సోమశిల దగ్గర కృష్ణ దాటి నంద్యాల వైపు దగ్గరి దారి కనిపిస్తోంది. వెళ్లొచ్చా?

కారుతో కుదరదు. కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి సిద్ధేశ్వరానికి వంతెన మంజూరైంది. 167కె అని హైవే నంబరు కూడా ఇచ్చారు. అది పూర్తయి బండ్లు తిరిగేదాకా అక్కడ బోటే గతి. నంద్యాలకు కారులో కర్నూలు మీదుగా వెళ్లండి.

మరి మ్యాప్‌ను ఎలా వాడుకోవాలి?

గమ్యం ఒక్కటే కాదు, మీరు ఎంచుకున్న వంతెనను మధ్యలో ఆగే చోటుగా పెట్టండి. ‘వాడపల్లి’ అనో ‘పుల్లూరు టోల్ ప్లాజా’ అనో కొడితే చాలు. అప్పుడది అడ్డదారులు వెతకడం మానేస్తుంది. ‘టోల్ లేని దారి’ అన్న మీట పొరపాటున నొక్కి ఉందేమో చూసుకోండి. నూరు రూపాయలు మిగులుతాయని చెరువు కట్టల మీద, పత్తి చేల మధ్యన తిప్పుతుంది. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి శ్రీశైలం దారికి మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఫాస్టాగ్ వార్షిక పాస్ ఈ దారులన్నింటిలో పనిచేస్తుందా?

జాతీయ రహదారుల టోల్‌గేట్లలోనే. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది, సొంత కార్లకే. షాఖాపూర్, పుల్లూరు, పంతంగి, కొర్లపహాడ్ అన్నీ జాతీయ రహదారుల మీదివే. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు రాష్ట్రాలది, మాడుగులపల్లి టోల్‌గేట్‌లో ఈ పాస్ చెల్లదు. మామూలు ఫాస్టాగ్ నుంచే డబ్బులు కట్ అవుతాయి. పాస్ ఉంది కదా అని వాలెట్ ఖాళీగా వదిలేసినవాళ్లు గొడవ పడేది సరిగ్గా అక్కడే.

ట్యాగ్ పనిచేయకపోతే జాతీయ రహదారుల మీద నగదుకు రెట్టింపు, యూపీఐకి ఒకటింపావు వంతు అని 2025 నవంబరు 15న నిబంధన పెట్టారు. బైకులకు ఎలాగూ టోల్ లేదు.

ఏపీ 22, ఏపీ 24 పాత నంబర్ల బండ్లు ఉన్నాయి. టీజీకి మార్చుకోవాలా?

అక్కర్లేదు. ఏపీ, టీఎస్, టీజీ ఏదైనా చెల్లుతుంది. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం ఉంటే చాలు, డిజిలాకర్‌లో చూపించినా ఒప్పుకోవాలి. సొంత కారుకు పర్మిట్ అక్కర్లేదు. పసుపు నంబరు ప్లేటు బండి అద్దెకు తీసుకుంటే పక్క రాష్ట్రం పర్మిట్, ట్యాక్స్ ఎవరు కడతారో బయల్దేరేముందే మాట్లాడుకోండి. సరిహద్దులో నిలబడి ‘మీరే కట్టాలి సార్’ అనిపించుకోవడం మనకెందుకు?

చెక్‌పోస్టుల్లో ఇప్పుడేం చూస్తున్నారు?

వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు 2017 జులైలో జీఎస్టీతోనే పోయాయి. తెలంగాణ రవాణా శాఖ చెక్‌పోస్టులను 2025 అక్టోబరులో ఎత్తేశారు. మిగిలింది పోలీసులు, ఎక్సైజ్ వాళ్లు. వాళ్లు చూసేది మద్యం, గంజాయి, రేషన్ బియ్యం. బావమరిదికి బాగుంటుందని డిక్కీలో సీసాలు పెట్టుకోవద్దు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50,000 రూపాయలకు మించి నగదు ఉంటే బ్యాంకు కాగితం దగ్గరుంచుకోండి. పెళ్లి బంగారమైతే బిల్లు, శుభలేఖ కూడా.

పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలి?

ఆంధ్రాకు వెళ్తుంటే ఇటే నింపుకోండి, అక్కడ మనకన్నా ఖరీదు. కర్ణాటకకైతే దాటాక నింపుకోండి, అక్కడ చవక.

రాత్రి ప్రయాణం చేయొచ్చా?

44, 65, అద్దంకి రోడ్డు మీద చేయొచ్చు. మిగతా దారుల్లో వద్దనే చెబుతాను, ముఖ్యంగా ఏప్రిల్–మే, నవంబరు నెలల్లో. కోతలయ్యాక వడ్లు రోడ్డు మీదే ఎండబోస్తారు. పగలు సగం రోడ్డు బంగారం రంగులో కనిపిస్తుంది, పక్కకు పోతాం. రాత్రయితే కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు, అది ఎగరకుండా అంచుల చుట్టూ తలకాయంత రాళ్లు పెడతారు. నల్ల తారు మీద నల్ల టార్పాలిన్. లైటు పడినా చివరి క్షణందాకా కనిపించదు. బైకుల వాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నది ఆ రాళ్ల మీదే. రైతును తిట్టి లాభం లేదు, కల్లం ఉంటే రోడ్డెక్కడు. కేటీ దొడ్డి, మరికల్, హాలియా వైపు రోడ్లలో ఇది మామూలే. దానికి తోడు టెయిల్ లైటు లేని పత్తి ట్రాక్టర్లు, తెల్లవారుజామున మేతకు తోలుకుపోయే గొర్ల మందలు.

పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు బండిలో ఉన్నారు. ఏది ఎంచుకోవాలి?

44 లేదా 65. దారి పొడవునా హోటళ్లు, బంకుల్లో బాత్రూములు దొరుకుతాయి. అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడలో ఆగడం మంచిది, ఆ తర్వాత పిడుగురాళ్ల దాకా శుభ్రమైన చోటు వెతుక్కోవాలి. సాగర్, శ్రీశైలం దారుల్లో ఆకలి వేసినప్పుడు కాదు, దొరికినప్పుడే తినాలి.

దారిలో బండి ఆగిపోతే?

జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి. క్రేన్, అంబులెన్స్ పంపిస్తారు. పక్కన కిలోమీటరు రాయి మీదున్న అంకె చెబితే వెతుక్కోకుండా వస్తారు. మిగతా రోడ్ల మీద 112, దెబ్బలు తగిలితే 108. బండిని ఎడమ అంచుకు తోసి, అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి. కారులోనే ఏసీ వేసుకుని కూర్చోవద్దు, వెనక వచ్చే లారీ డ్రైవరుకు నిద్ర మత్తు ఉండొచ్చు.